‘అదుపు తప్పి’ అని రాసి ఊరుకోకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

నాది మిర్యాలగూడ. ఇరవై ఆరేళ్లు లారీ నడిపి 2019లో దిగిపోయాను. మా ఊరి రైసు మిల్లుల బియ్యం, వాడపల్లి వైపు సిమెంటు, మధ్యలో ఏ లోడు దొరికితే ఆ లోడు వేసుకుని తిరిగినవాణ్ని. చదివింది పదో తరగతే గానీ పేపరు మాత్రం రోజూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాను. ఒక్క చాయ్ తాగి పేపరు మూడుసార్లు తిరగేస్తానని మా హోటలాయన సణుగుతుంటాడు.

జిల్లా పేజీలో వచ్చే యాక్సిడెంట్ వార్తల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. దాదాపు ప్రతి వార్తలోనూ ఒక మాట ఉంటుంది. ‘అదుపు తప్పి’. బైకు అదుపు తప్పి డివైడర్‌ను ఢీకొట్టింది, అదుపు తప్పి లారీ కింద పడ్డాడు, అదుపు తప్పి కల్వర్టులో పడింది. పోయిన నెల ఒక వార్త చూశాను. నాలుగే లైన్లు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న బైకును డీసీఎం అదుపు తప్పి వెనక నుంచి ఢీకొట్టింది, ఇద్దరికి గాయాలు, కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు. అంతే. ఆ బైకు ఎక్కడ ఆపి ఉంది, లైను మధ్యలోనా ఒక పక్కకా? దాని బ్రేక్ లైటు వెలుగుతోందా? హెల్మెట్ ఉందా, ఉంటే పట్టీ బిగించి ఉందా? ఒక్కటీ లేదు. అదుపు దానంతట అది తప్పిపోదు సార్, మేక పిల్ల కాదు. ఎవరో ఏదో చేస్తే, లేదా చేయాల్సింది చేయకపోతే తప్పుతుంది. ఆ సంగతి రాయకపోతే చదివినవాడు ‘అయ్యో పాపం’ అనుకుని పేజీ తిప్పేస్తాడు. మర్నాడు వాడూ పోయి అట్లాగే ఆపుకుంటాడు.

ఇంకొకరి మీద రాయడం సులువే. అందుకే ముందు నేను చూసింది, నాకు జరిగింది చెబుతాను.

2009 ఎండాకాలం. బియ్యం లోడుతో హైదరాబాద్ పోతున్నా. ఎల్బీనగర్‌లో రెడ్ పడింది, ఆపాను. అప్పటి నా బండి మూతి ముందుకు ఉండే పాత మోడల్. డ్రైవర్ సీట్లోంచి చూస్తే బంపర్ అవతల నాలుగైదు అడుగుల నేల కనిపించదు. ఎడమ మూల అయితే ఇంకా అధ్వానం. గ్రీన్ పడింది, ఫస్ట్ గేర్ వేసి క్లచ్ వదులుతున్నాను. మా క్లీనర్ పిల్లాడు తలుపు మీద దబదబా బాదుతూ “అన్నా, ఆపు ఆపు” అని అరిచాడు. బ్రేక్ మీద కాలు పడింది, బండి కుదుపుతో నిలబడింది. ఆలోపే టక్కున ఏదో విరిగిన చప్పుడు.

దిగి చూస్తే బంపర్ ఎడమ మూల కింద ఒక స్కూటర్. మొగుడూ పెళ్లాలు. కొత్త సంసారం లాగుంది, చీపురు, ప్లాస్టిక్ బకెట్, గిన్నెల సంచి పట్టుకుని పోతున్నారు. విరిగింది బకెట్టు. టెయిల్ లైటు కూడా పగిలింది. దేవుడి దయ, మనుషులకు గీత కూడా పడలేదు. నేను ఆగిన తర్వాత ఎడమ పక్క సందులోంచి దూరి వచ్చి, నా ముందు జాగా ఖాళీగా ఉంది కదా అని అక్కడ ఆపుకున్నారు. ఆయన నా మీదికి వచ్చాడు. “ఇంత మనుషులం కనవడ్తలేమా? మందు తాగి నడుపుతున్నవా?” వెనక హారన్ల మోత. “నిజంగా కనపడలేదన్నా” అంటే నమ్మడు. నేనైనా నమ్మకపోదును.

కానిస్టేబుల్ వచ్చి లారీని పక్కకు పెట్టించాక నాకేం బుద్ధి పుట్టిందో, “అన్నా, ఒక్కసారి నా సీట్ల కూసొని చూడు” అన్నాను. స్కూటర్‌ను ఇందాక ఉన్నట్టే బంపర్ ముందర పెట్టి, ఆమెను దాని మీద కూర్చోబెట్టాం. ఆయన ఎక్కాడు, స్టీరింగ్ మీదికి వంగి చూశాడు, మెడ సాచి చూశాడు. “ఏదీ?” అన్నాడు. కిందికి తల పెట్టి “నిలవడు” అని అరిచాడు. ఆమె లేచి నిలబడింది. అప్పుడు ఆమె తలలో పెట్టుకున్న మల్లెపూలు కనిపించాయి, అవి కూడా పైన పైన. ఆయన ఇంకేం మాట్లాడలేదు. దిగేటప్పుడు మెట్టు మీద కాలు ఒకసారి తడబడింది. బకెట్టుకు డబ్బులిస్తే తీసుకోనన్నాడు. ఆమె తీసుకుంది.

సిగ్నల్‌లో ముందుకు దూరి పోయే పిల్లలందరినీ ఒక్కసారి లారీ ఎక్కించి చూపించాలని నాకు అప్పట్నుంచీ ఉంది. లైసెన్స్ ఇచ్చే రోజు ఎనిమిది అంకె వేయిస్తారు గదా, దానికన్నా ఇదే పనికొస్తుందని నా అభిప్రాయం. ఇప్పుడొచ్చే లారీలు మూతి లేకుండా చదునుగా ఉంటాయి, కొంచెం నయం. కానీ ఎడమ పక్క, బంపర్ కింద ఇప్పటికీ గుడ్డి జాగానే. మీకు లారీ డ్రైవర్ మొఖం నేరుగానో అద్దంలోనో కనిపించాలి. అతని మొఖం మీకు కనిపించకపోతే మీరు అతనికి లేనట్టే లెక్క. లారీ, బస్సు ముందు ఆపాల్సి వస్తే డ్రైవర్‌కు మీ హెల్మెట్ కనిపించేంత దూరం ముందుకు పోయి ఆపండి. జీబ్రా గీతలు అడ్డమొస్తే, వెనకనే ఉండిపోండి. ఒక్క లారీ వెనక ఆగితే కొంపలేం మునగవు.

ఎడమకు తిరిగే లారీ సంగతి వేరే చెప్పాలి. పొడుగు బండి ఎడమకు తిరగాలంటే ముందు కొంచెం కుడికి లాగుతాం, లేకపోతే వెనక టైర్లు మూల మీదికి ఎక్కుతాయి. లారీ కుడికి జరిగింది, ఎడమ పక్క జాగా అయింది, మనకు సైడ్ ఇచ్చాడు అనుకుని బైకువాడు దూరతాడు. సైడ్ ఇవ్వలేదు బిడ్డా, తిరగబోతున్నాడు. ముందు టైర్లు పోయిన దారిలో వెనక టైర్లు రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. అప్పుడు నీకు ఒక పక్క ఫుట్‌పాత్, ఇంకో పక్క టైర్లు. ఫ్రీ లెఫ్ట్ ఉన్న చౌరస్తాల్లో ఈ భయం ఎక్కువ. నా క్లీనర్‌కు నేను జీతమిచ్చింది సగం ఆ ఎడమ పక్క చూడటానికే. ఇప్పుడు చాలా బండ్లకు క్లీనర్లు లేరు, డ్రైవర్ ఒక్కడే వస్తున్నాడు. అది గుర్తుపెట్టుకోవాలి.

ఎల్లో లైటు దగ్గర ఇంకో తంటా. పది టైర్ల లారీ లోడుతో కలిపి 28 టన్నుల దాకా ఉంటుంది. నలభై స్పీడులో పోతుంటే సెకనుకు పదకొండు మీటర్లు పోతుంది. బ్రేక్ మీద కాలు పడేలోపే ఒక సెకను అయిపోతుంది, ఆ తర్వాత గదా బండి ఆగడం మొదలయ్యేది. ముందున్న బైకువాడు ఎట్లాగూ దాటిపోతాడని లెక్కేసుకుని మేం వస్తుంటాం. ఆ లెక్క తప్పు, ఒప్పుకుంటా. నేనూ ఎన్నోసార్లు అట్లాగే వచ్చాను. ఆ బైకువాడు ఎల్లో చూసి కీచుమని ఆగాడనుకోండి, వెనకవాడి గతి ఏంటి, వాడి గతి ఏంటి? ఎల్లో పడితే ఆగాల్సిందే, గీత దగ్గరికొచ్చేసి ఆగలేని పరిస్థితి ఉంటే తప్ప. కానీ బ్రేక్ పట్టే ముందు ఒక్క చూపు అద్దంలోకి పోవాలి. వెనక లారీ ఉంటే ముందునుంచే వేగం తగ్గించుకుంటూ, బ్రేక్‌ను రెండు మూడుసార్లు తట్టి లైటు వెలిగిస్తూ, ఒక పక్కకు జరుగుతూ ఆగాలి. అద్దాలే లేని బండి మీద ఇదంతా ఎట్లా అని అడక్కండి. నల్లగొండలో ఏ సందులో చూసినా సగం బండ్లకు అద్దాలు లేవు, ఉన్నవాటిలో సగం లోపలికి మడిచి ఉన్నాయి. అద్దం ఉంటే బండి అందం పోతుందట.

ఇక నా సంగతి.

లారీ దిగాక ఒక పాత స్ప్లెండర్ కొనుక్కున్నాను. మా బిడ్డకు నల్లగొండలో ఉద్యోగం. 2022 డిసెంబర్‌లో ఒక సాయంత్రం దానికి ఆవకాయ సీసా ఇవ్వడానికి వేములపల్లి, తిప్పర్తి మీదుగా బయల్దేరి వచ్చాను. క్లాక్ టవర్ దాకా రాలేదు, దానికి ముందే ఒక సిగ్నల్ దగ్గర రెడ్ పడింది. లైను నట్టనడుమ ఆపాను. న్యూట్రల్ చేశాను. రెండు కాళ్లూ కింద పెట్టాను. చెమట పడుతోందని హెల్మెట్ పట్టీ ఊడదీసుకున్నాను, ఇంకా యాభై సెకన్లు చూపిస్తోంది గదా అని ఫోన్ తీసి ‘వచ్చేసిన బిడ్డా’ అని చెబుదామని నంబరు వెతుకుతున్నాను. ఇరవై ఆరేళ్లు పైనుంచి చూసి ‘వీళ్లకు బుద్ధి లేదు’ అని తిట్టుకున్న పనులన్నీ నేనే వరసగా చేశాను. చూసుకోండి.

వెనక నుంచి ట్రాలీ ఆటో వచ్చి గుద్దింది. కోళ్ల గంపలు నింపుకుని వస్తోంది. పెద్ద స్పీడేం కాదు. బండి న్యూట్రల్‌లో ఉంది కాబట్టి బంతిలాగా ముందుకు పోయింది, నేను ఎడమకు పడ్డాను. హెల్మెట్ నాకన్నా ముందే వెళ్లిపోయి ఒక కారు కింద దొర్లింది. చెవి పైన ఏడు కుట్లు పడ్డాయి, మణికట్టుకు పట్టీ. ఆవకాయ సీసా పగిలి ఎర్రటి నూనె రోడ్డంతా పారింది. జనం అదంతా నా నెత్తురే అనుకున్నారు. ఒకామె గుండెలు బాదుకుంది. ఎవరో 108కి ఫోన్ కొట్టారు. ఇంకెవరో నా నోట్లో నీళ్లు పోయబోతే పక్కనున్న పిల్లగాడు “వద్దన్నా, నీళ్లు పోయొద్దు, కదిలించొద్దు” అని ఆపాడు. ఆ పిల్లగాడెవరో గానీ వాడికి ఎవరో మంచి పంతులు దొరికి ఉంటాడు. ఆటో నడిపిన కుర్రాడు వణికిపోతూ “నువ్వు పోతున్నవనుకున్న పెద్దాయనా, ఆగినవని తెల్వలే” అన్నాడు.

వాణ్ని తిట్టాలని నోటి దాకా వచ్చి ఆగిపోయాను. వాడు అన్నది నిజం. నా కాలు బ్రేక్ మీద లేదు, వెనక ఎర్ర లైటు వెలగడం లేదు. పొద్దుగూకే వేళ, ఎండ ఎదురుగా కొడుతోంది. వాడికి ఒక ముసలాయన వీపు కనిపించింది గానీ ఆగిన బండి అని తెలిసే గుర్తు ఏదీ లేదు. వాడి తప్పు లేదని కాదు, దూరం పెట్టుకోలేదు, వాడి తప్పే పెద్దది. కానీ కుట్లు పడ్డది నాకు.

అప్పట్నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. సిగ్నల్‌లో ఆగాక మొదటి పని అద్దం చూడటం. వెనక ఒక బండి వచ్చి పూర్తిగా ఆగేదాకా ఫస్ట్ గేర్ తీయను, క్లచ్ పూర్తిగా పట్టుకునే ఉంటాను. ఎడమ కాలు నేల మీద, కుడి కాలు వెనక బ్రేక్ మీద. లైటు వెలుగుతూ ఉంటుంది, అప్పుడప్పుడు వదిలి తొక్కుతాను, మినుకు మినుకుమంటే చూపు తొందరగా పడుతుంది. ముందు బండికి ఆనించి ఆపను, ఒక బైకు పట్టేంత జాగా వదులుతాను, హ్యాండిల్ కొంచెం సందు వైపు తిప్పి పెట్టుకుంటాను. వెనక ఎవడైనా ఆగడం లేదనిపిస్తే ఆ సందులోకి దూరిపోవచ్చు. కార్ల వెనక ఆగితే నట్టనడుమ కాకుండా కారు ఒక మూలకు సూటిగా ఆపుతాను. వెనక రెండు మూడు బండ్లు వచ్చి నిలబడ్డాక న్యూట్రల్ చేసుకోవచ్చు, సిగ్నల్ పెద్దదైతే ఇంజన్ ఆపుకుని పెట్రోల్ మిగుల్చుకోవచ్చు. స్కూటీలకు గేర్లు లేవు కాబట్టి వాళ్లకు ఇంకా సులువు, బ్రేక్ లివర్ పట్టుకుని ఉంటే చాలు.

క్లచ్ పట్టుకుని ఉంటే ప్లేట్లు కాలిపోతాయని మా వీధి మెకానిక్ వాదిస్తాడు. సగం పట్టుకుంటే కాలుతాయి, నిజమే. పూర్తిగా లోపలికి లాగి పట్టుకుంటే ప్లేట్లు విడిపోయే ఉంటాయి, కాలేదేం లేదు. కేబుల్ కొంచెం ముందుగా అరుగుతుందేమో. ఆ ఏడు కుట్లు, ఎక్స్‌రే, మందుల బిల్లులో ఎన్ని కేబుళ్లు వచ్చేవో లెక్కేసి చెప్పాను. నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. అదే మెకానిక్‌తో బ్రేక్ లైటు స్విచ్ సరి చేయించుకున్నాను. చేతి బ్రేక్ పడితే వెలుగుతోంది, కాలి బ్రేక్ తొక్కితే వెలగడం లేదని ఆ రోజే తెలిసింది. ఎన్నాళ్ల నుంచి అట్లా ఉందో. మీరూ రాత్రి గోడ దగ్గర బండి పెట్టి ఒకసారి తొక్కి చూసుకోండి, గోడ మీద ఎరుపు పడుతుందో లేదో.

నేను పడ్డ ఆ 2022లోనే దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 74,897 మంది టూవీలర్ల మీద పోయినవాళ్లే. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది అని, వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లని అందులోనే ఉంది. హెల్మెట్ చట్టం వెనక కూర్చున్నవాళ్లకు కూడా ఉందని మనవాళ్లకు చెప్పి చూడండి, “వెనకోళ్లకు కూడానా?” అని నవ్వుతారు. పెళ్లానికి హెల్మెట్ కొనడం ఏదో వింతలాగా చూస్తారు. హెల్మెట్ పెట్టుకుంటే తలకు దెబ్బ తగిలే ప్రమాదం 69 శాతం, ప్రాణం పోయే ప్రమాదం 42 శాతం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. పట్టీ బిగించకపోతే అందులో ఒక్క శాతం కూడా మీది కాదు, నా హెల్మెట్‌ను ఆ కారు కింద చూసినవాణ్ని చెబుతున్నా.

2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ మార్కు లేని టూవీలర్ హెల్మెట్ అమ్మకూడదు. అయినా కొబ్బరి చిప్పల్లాంటివి రోడ్డు పక్కన గుట్టలు పోసి అమ్ముతూనే ఉన్నారు. కొనేవాళ్లు తల కోసం కొనడం లేదు, చలానా ఫొటో కోసం కొంటున్నారు. కెమెరా దాటాక తీసి పెట్రోల్ ట్యాంకు మీద పెట్టుకుంటారు. ట్యాంకు తల మాత్రం భద్రంగా ఉంటుంది.

గ్రీన్ పడ్డాక ఏం చేయాలో కూడా ఒక మాట. మన దగ్గర టైమర్‌లో మూడు అంకె రాగానే బండి కదులుతుంది. అదే మూడు సెకన్లలో అడ్డంగా వచ్చేవాడు ‘ఇంకా ఎల్లోనే గదా’ అని గేరు మార్చి తొక్కుతుంటాడు. ఇద్దరూ చౌరస్తా నడిమధ్యలో కలుస్తారు. గ్రీన్ పడినా మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టి, ముందు కుడి వైపు చూసి, తర్వాత ఎడమ చూసి కదలాలి. మనం ఎడమ పక్క నడిచేవాళ్లం కాబట్టి మొదట తగిలేది కుడి నుంచి వచ్చేవాడే. పక్కన బస్సో లారీయో అడ్డం ఉండి కుడి కనిపించకపోతే దాన్ని ముందు పోనివ్వాలి. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి. “తాతా, నడువు” అని ఎవడో ఒకడు నన్ను రోజూ అంటాడు. “నువ్వు పో బిడ్డా” అంటాను. రాత్రి పదకొండు దాటాక అయితే గ్రీన్‌ను అసలు నమ్మను. ఆ టైమ్‌లో రెడ్‌కు ఆగే లారీలు ఎన్నో నాకు తెలుసు, ఎందుకు తెలుసో వివరంగా చెప్పను.

వాన మొదలైన మొదటి పది నిమిషాలు ఇంకో జాగ్రత్త. లారీలు, బస్సులు, ఆటోలు అన్నీ వచ్చి ఆగేది ఆ తెల్ల గీత దగ్గరే. ఇంజన్ ఆయిలు, డీజిలు చుక్క చుక్క కారేది లైను నడుమే. ఎండలో అక్కడ ఒక నల్లటి చార కనిపిస్తుంది, చూడండి. వాన చినుకు పడితే ఆ చార సబ్బు. దాని మీద బ్రేక్ పట్టినా, కాలు పెట్టినా జారుతుంది. కార్ల టైర్లు నడిచే జాడలోనే బండి పోనిస్తే, ఆపితే మేలు. తడిసిన జీబ్రా గీతల పెయింట్ కూడా అంతే. టైరు గాడి అరిగిపోయి ఉంటే ఇక చెప్పేదేముంది, టూవీలర్‌కు 0.8 మిల్లీమీటర్ల గాడి అయినా ఉండాలని రూల్, మనవాళ్లు దారం కనిపించేదాకా తిప్పుతారు.

రాంగ్ రూట్ గురించి, కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టి, వడ్లు ఎత్తుకుని రాళ్లు వదిలిపోయే సంగతి గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి. రైతును అనడానికి నోరు రాదు, ఆ వడ్లు మోసే నేను బతికాను. కానీ ఆ రాళ్లు మాత్రం తీసేసి పోవాలి.

ఇప్పుడు మీకు నా మనవి. యాక్సిడెంట్ వార్త రాసే మీ విలేకరులకు ఒక్క లైను ఎక్కువ జాగా ఇవ్వండి. హెల్మెట్ ఉందా అనే కాదు, పట్టీ బిగించి ఉందా అని అడగమనండి. వెనక కూర్చున్నవాళ్లకు ఉందా? బండి ఎక్కడ ఆగి ఉంది, వెనక లైటు పనిచేస్తోందా, ఎడమ సందులోంచి దూరాడా, సిగ్నల్ వెలుగుతోందా ఆగిపోయి ఉందా, ఆగే గీత కనిపిస్తోందా చెరిగిపోయిందా? ఎస్సై గారిని అడిగితే చెబుతారు, పంచనామాలో చాలావరకు ఉంటుంది. పోయినవాళ్ల మీద నింద వేసినట్టవుతుందని మీరు అనుకోవచ్చు. పేరు లేకుండా రాయండి, నెలకొకసారి అన్నీ కలిపి రాయండి, మీ ఇష్టం. పొలంలో పురుగు పడితే ఏ పురుగో, ఏ మందో రాస్తారు గదా వ్యవసాయం పేజీలో, ‘పంట అదుపు తప్పింది’ అని రాయరు గదా.

దెబ్బ తగిలినవాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసులు తిప్పుతారనే భయం ఇంకా పోలేదు. సాయం చేసినవాళ్లను కేసుల్లోకి లాగకుండా 2019 సవరణలో మోటారు వాహనాల చట్టంలోనే రక్షణ పెట్టారు. అది కూడా ఆ వార్తల కింద చిన్న అక్షరాల్లో వేస్తుండండి. నా కోసం ఫోన్ కొట్టినవాళ్లు పేరు కూడా చెప్పకుండా పోయారు, ఆ భయంతోనే అనుకుంటా.

ఇట్లు,
ఒక మాజీ లారీ డ్రైవర్,
మిర్యాలగూడ

తా.క. ఈ ఉత్తరం నేను చెబుతుంటే మా బిడ్డ ఫోన్‌లో టైప్ చేసింది. అద్దాల దగ్గరికి వచ్చేసరికి కొట్టడం ఆపి “నాయినా, ఈ లైను అవసరమా?” అంది. బయటికి పోయి చూస్తే దాని స్కూటీకి ఎడమ అద్దం లేదు. పార్కింగ్‌లో ఎవరో తగిలిస్తే విరిగి నాలుగు నెలలయిందట. లైను తీసేయలేదు. రేపు ఆదివారం, షాపు మధ్యాహ్నం దాకానే ఉంటుందట, పొద్దున్నే తీసుకుపోతున్నాను.